తప్పు ఎక్కడ పుట్టిందో నోటే చెబుతుంది

ప్రశ్న: అన్నయ్యగారికి నమస్కారం. మాది తణుకు దగ్గర పల్లెటూరు. నేనూ మా ఆయనా కిరాణా కొట్టు నడుపుతున్నాం. ఆర్నెల్ల కిందట గల్లాపెట్టెలో ఒక ఐదొందల నోటు కనిపించింది. గాంధీగారి బొమ్మ మీదుగా ఏటవాలుగా సన్నటి తెల్లగీత ఉంది, అక్కడ అచ్చు పడలేదు. ఇంకో ఇరవై నోటుకు నంబరు మధ్యలో నక్షత్రం గుర్తుంది. ఇవి చాలా విలువైనవని ఎవరో చెప్పినప్పటి నుంచి మా ఆయనకు వీటి మీదే ధ్యాస. ఫోన్లో పరిచయమైన ఒకాయన, కింది నంబరు లేని వంద నోటు 18 వేలకు ఇస్తాను, రేపు లక్ష పలుకుతుంది అంటున్నాడు. మరొకాయన మా ఐదొందల నోటును 60 వేలకు కొంటాను, ముందు రిజిస్ట్రేషన్‌కు 2,500 పంపండి అంటున్నాడు. మా చేతిలో ఉన్నది పాప కాలేజీ ఫీజుకని ఎత్తిన చీటీ డబ్బు. పోనీ బ్యాంకులో చూపిద్దామంటే దొంగనోటని కేసు పెడతారేమోనని టెన్షన్. ఇలాంటి తప్పులు నిజంగా అచ్చులో వచ్చినవో, ఎవరైనా చేసినవో ఎలా తెలుసుకోవాలి?

సమాధానం:

అమ్మా, మీరు అడిగినవాటిలో ఒకటి మాత్రం ఈ రోజే తేలాలి, అందుకని అది ముందు చెబుతాను. ఆ 2,500 పంపకండి. ఇప్పటికే పంపి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి. నోటు కొనేవాడు డబ్బు ఇస్తాడు, అడగడు. రిజిస్ట్రేషన్, జీఎస్టీ, కమీషన్, రిజర్వ్ బ్యాంకు అనుమతి అంటూ ముందుగా ఏది అడిగినా అది మోసమే. పాత నోట్లు, నాణేల కొనుగోళ్లతో తమకు ఏ సంబంధమూ లేదని, వాటికి తాము ఎలాంటి ఛార్జీలూ, కమీషన్లూ తీసుకోమని, తమ పేరు చెప్పి వసూలు చేసేవాళ్లను నమ్మొద్దని రిజర్వ్ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటన ఇచ్చింది. మీ ఆయనకు ఈ ముక్క చదివి వినిపించండి.

ఇక నోట్ల సంగతి. నేను విజయవాడలో ఆఫ్‌సెట్ ప్రెస్సులో ఇరవై ఏళ్లకు పైగా పనిచేశాను. శుభలేఖలు, బిల్లు పుస్తకాలు, గోడపత్రికలు అచ్చువేసిన చేతులివి. నోట్ల సేకరణ ఆ తర్వాత పట్టుకుంది. ప్రెస్సులో పనిచేసినందువల్ల నాకు ఒక అలవాటు వచ్చింది. తప్పున్న కాగితం ఏది చూసినా, ఇది ఏ మెషిన్ దగ్గర జరిగింది అని ముందు ఆలోచిస్తాను. షీటు మడతపడిందా, ప్లేటుకు ఇంకు అందలేదా, నంబరింగ్ చక్రం ఇరుక్కుందా, కటింగ్ దగ్గర షీటు జరిగిందా? నిజమైన అచ్చుతప్పుకు పుట్టినచోటు ఒకటి ఉంటుంది. అది దొరికితే నోటు మీద మిగతావన్నీ దానికి తగినట్టే ఉంటాయి. చేత్తో చేసిన తప్పుకు ఆ పొంతన కుదరదు, ఎక్కడో ఒకచోట తేడా వస్తుంది. ఎర్రర్ నోటు పరీక్ష అంటే ఇంతే.

కాబట్టి మన నోటు ఎలా తయారవుతుందో కొంచెం తెలుసుకోవాలి. కాగితం మిల్లు నుంచి వచ్చేటప్పుడే అందులో వాటర్‌మార్కూ, మెరిసే దారమూ ఉంటాయి. నర్మదాపురంలో ఒక మిల్లు ఉంది, మనం ఇదివరకు హోషంగాబాద్ అనేవాళ్లం. మైసూరులో ఇంకొకటి ఉంది. అచ్చు జరిగేది నాలుగు చోట్ల: నాసిక్, దేవాస్, మైసూరు, పశ్చిమ బెంగాల్లోని సాల్బోని. మన హైదరాబాద్‌లో నాణేల టంకశాలా, స్టాంపు పేపర్ల ప్రెస్సూ ఉన్నాయి గానీ నోట్లు అక్కడ వేయరు. నోట్లు విడివిడిగా కాదు, పెద్ద షీటు మీద వరసలు వరసలుగా పడతాయి. మొదట ఆఫ్‌సెట్‌లో, అంటే ఉబ్బు లేకుండా చదునుగా పడే అచ్చులో, బొమ్మల అడుగున ఉండే లేతరంగుల అల్లికా, సన్నగీతలూ ముందూ వెనకా ఒకేసారి పడతాయి. ఆ తర్వాత పెద్ద నోట్లకు ఇంటాగ్లియో, అంటే చెక్కిన ప్లేటు మీద కాగితాన్ని గట్టిగా అదిమి వేసే అచ్చు. గాంధీగారి బొమ్మ, అశోకస్తంభం చేతికి ఉబ్బెత్తుగా తగిలేది అందుకే. తర్వాత నంబర్లు. చివరికి కటింగ్. ఈ వరస గుర్తుంచుకోండి, మళ్లీ మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఈ వరస ఎంత పనికొస్తుందో చూపించే నోటు ఒకటి అమెరికాలో ఉంది. 1996 సిరీస్ ఇరవై డాలర్ల నోటు అది. ఒహాయో రాష్ట్రంలో ఒక కాలేజీ విద్యార్థికి ఏటీఎంలో వచ్చింది. నోటు ముందువైపు అరటిపండ్ల మీద అంటించే డెల్ మాంటే స్టిక్కరు ఉంది. స్టిక్కరు ఎవరైనా అంటించొచ్చు కదా అనిపిస్తుంది. కానీ ఆ నోటులో బొమ్మల అచ్చు స్టిక్కరు కిందికి వెళ్లిపోయింది, ఖజానా ముద్రా, సీరియల్ నంబరూ మాత్రం స్టిక్కరు పైన పడ్డాయి. అక్కడ వెనకవైపు మొదట, ముందువైపు తర్వాత, ముద్రలూ నంబర్లూ ఆఖర్న వేస్తారు. అంటే రెండో అచ్చుకూ మూడో అచ్చుకూ మధ్యలో, ప్రెస్సు లోపలే స్టిక్కరు షీటు మీద పడింది. ఇంటి దగ్గర అంటించినవాడు దాని మీద ఖజానా ముద్ర ఎక్కడ వేయించగలడు? 2021 జనవరి వేలంలో ఆ నోటు 3,96,000 డాలర్లకు పోయింది. అంత ధర పలకడానికి కారణం స్టిక్కరు ఒక్కటే కాదు. అది ఎప్పుడు పడిందో చూసినవాళ్లెవరైనా చెప్పగలగడం కూడా.

ఇప్పుడు మీ ఐదొందల నోటు బయటికి తీయండి. పగటి వెలుతురులో, కిటికీ దగ్గర కూర్చుని చూడండి. పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం ఒకటి కొనండి, వాచీలు బాగుచేసేవాళ్లు వాడే రకం. పెద్ద ఖర్చేమీ కాదు.

మీరు రాసినదాన్ని బట్టి అది కాగితం మడతవల్ల వచ్చిన గీత అయి ఉండొచ్చు. పెడన అద్దకం పనిలో గుడ్డ చిన్న ముడతపడి ఉండగా అచ్చు వేస్తే ఏమవుతుందో ఊహించండి. ముడత పైభాగాన రంగు పడుతుంది. తర్వాత గుడ్డను లాగి సరిచేస్తే లోపల దాగిన భాగం తెల్లగా బయటపడుతుంది. పువ్వు రెండు ముక్కలై మధ్యలో ఖాళీ వస్తుంది. పువ్వులో ఏ భాగమూ పోలేదు, పక్కకు జరిగిందంతే. నోటు షీటుకూ అదే జరుగుతుంది. కాబట్టి మీరు చూడాల్సిన మొదటి సంగతి ఇది: గీతకు రెండువైపులా ఉన్న బొమ్మను మనసులో దగ్గరికి జరిపి చూడండి. కళ్లజోడు అంచూ, చెంప గీతలూ, అక్షరాలూ ఒకదానికొకటి అతుక్కుంటే అది మడత. అతుక్కోకుండా మధ్యలో కొంత బొమ్మ లేకుండా పోయిందంటే ఎవరో గీకారన్నమాట. బ్లేడుతో గీకినవాడు బొమ్మను తీసేయగలడు, పక్కకు జరపలేడు.

రెండోది, గీత లోపల భూతద్దంతో చూడండి. నిజంగా తెల్లగా ఉందా, లేక లేత బూడిదరంగు సన్నగీతలు అందులో కూడా సాగుతున్నాయా? సాగుతుంటే మడత ఆఫ్‌సెట్ అయిపోయాక, ఇంటాగ్లియోకు ముందు పడింది. నాకు బాగా నమ్మకం కలిగించే గుర్తు ఇది. పైన ఉన్న గాంధీగారి బొమ్మ ఇంకును తీసేసి, కిందున్న లేతరంగును చెదరకుండా వదలడం చేతి పనితో అయ్యేది కాదు. అలాకాక గీత పూర్తిగా తెల్లగా ఉంటే మడత ఆఫ్‌సెట్‌కు ముందే ఉంది. అప్పుడు నోటు తిప్పి చూడండి. రంగులు రెండువైపులా ఒకేసారి పడతాయి కాబట్టి వెనకాల ఎర్రకోట వైపు కూడా ఒక తెల్లగీత ఉండాలి, అదీ కొద్దిగా పక్కకు జరిగి. చీర కుచ్చిలి పట్టి చూస్తే మీకే అర్థమవుతుంది, పైనుంచి దాగే భాగం వేరు, కిందనుంచి దాగే భాగం వేరు. ముందువైపు పూర్తిగా తెల్లగా ఉండి వెనక అచ్చు చెక్కుచెదరకుండా ఉంటే నాకు అనుమానమే.

మూడోది కాగితం. గీత ఉన్నచోట నోటును కంటికి ఎదురుగా బల్లపరుపుగా పట్టుకుని పక్కనుంచి వెలుతురు పడనివ్వండి. గీకినచోట పీచు లేచి నూగులా కనిపిస్తుంది, కాగితం పలచబడి వెలుతురుకు ఎదురుగా పెడితే మెరుస్తుంది. నిజమైన మడత దగ్గర కాగితం పైపొర మిగతా చోట్ల లాగే నున్నగా ఉంటుంది, మడిచిన గుర్తు మాత్రం సన్నగా మిగిలి ఉంటుంది. నాలుగోది కొలత. కొత్త ఐదొందల నోటు 66 × 150 మిల్లీమీటర్లు. మడత విప్పుకోకుండానే కటింగ్‌కు వెళ్లిన నోటు, తర్వాత విప్పితే కాస్త పెద్దదవుతుంది, లేదా ఒక అంచు మెట్టులా బయటికి వస్తుంది. అలా ఉంటే చాలా మంచి గుర్తు. కొలత మామూలుగానే ఉన్నంత మాత్రాన తప్పుడుదని కాదు, కటింగ్‌కు ముందే మడత విప్పుకుని ఉండొచ్చు. ఇవి చూసేటప్పుడు మడతను గట్టిగా లాగొద్దు, ఇస్త్రీ చేయొద్దు, తడి తగలనివ్వొద్దు. ఒకసారి సాపు చేసేశాక ఆ సాక్ష్యం మళ్లీ రాదు.

ఇప్పుడు ఆ 18 వేల వంద నోటు. దీని గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ఇదే రకం నోటు దగ్గర నేను మోసపోయాను. సేకరణ మొదలుపెట్టిన కొత్తలో ఒక ప్రదర్శనలో ఒకతని దగ్గర యాభై నోటు కొన్నాను. ఒకవైపు నంబరు లేదు. రెండు వేలు ఇచ్చాను, అప్పటికి నా జీతంలో అది పెద్ద ముక్క. ప్రెస్సువాణ్ని కాబట్టి నాకు తెలుసనే ధీమా. పొద్దున్నే వరండాలో కూర్చుని, ఏటవాలు ఎండలో చూస్తే నంబరు ఉండాల్సినచోట ఒక చింతగింజంత మేర కాగితం మెరుపు పోయి కనిపించింది. వేలితో రాస్తే గరుగ్గా తగిలింది. వెనక్కి తిప్పితే అంకెలు అదిమిన గుర్తులు సన్నగా ఇంకా ఉన్నాయి. ఇంకు తీసేశారు గానీ ఒత్తిడిని తీయలేకపోయారు. మా ఆవిడకు ఆ సంగతి చాలాకాలం చెప్పలేకపోయాను. మీ ఆయన మీద నాకు కోపం రావడం లేదమ్మా, ఆ ఆశ ఎలాంటిదో నాకు తెలుసు.

నంబరు లేని నోట్లు నిజంగా ఉంటాయి. నంబర్లు పడేటప్పుడు షీటు మూల మడతపడితే ఆ నంబరు మడత మీద, అంటే వెనకవైపున పడుతుంది. మధ్యలో చిన్న కాగితం ముక్క అడ్డొస్తే నంబరు దాని మీద పడి, ముక్కతో పాటు పోతుంది. అయితే అప్పుడు అంకెలు సగంలో సరళరేఖలా కోసినట్టు ఆగిపోవడమో, వెనక తలకిందులుగా పడడమో జరుగుతుంది. ఏ కారణమూ కనిపించకుండా ఒక నంబరు మాత్రం శుభ్రంగా లేకపోతే నేను ముందు రబ్బరునూ, రసాయనాన్నీ అనుమానిస్తాను. నోటు మీద చెరపడానికి అన్నిటికంటే తేలికైనది నంబరే కాబట్టి మోసగాళ్లు దాని దగ్గరే మొదలుపెడతారు.

దీనికి యూవీ టార్చి ఉంటే మేలు. చాలా కొట్లలో నోట్లు చూసుకోవడానికి పెట్టుకునే నీలం లైటే. మన నోట్ల నంబర్లను ఆ వెలుగులో మెరిసే ఇంకుతో వేస్తారు, కాగితంలో మెరిసే సన్నని పోగులూ ఉంటాయి. కాగితం మాత్రం మామూలు తెల్లకాగితంలా నీలంగా వెలగదు, మసకగా ఉంటుంది. చెరిపిన నంబరు చోట ఇంకు మరకలు కొన్నిసార్లు ఇంకా మెరుస్తాయి, లేదా రసాయనం పాకిన మేర వేరే రంగులో మచ్చలా కనిపిస్తుంది. ఇక్కడ ఒక జాగ్రత్త. జేబులో మరిచిపోయి సర్ఫులో ఉతికిన అసలు నోటు కూడా నీలంగా వెలుగుతుంది, సబ్బుపొడిలో తెల్లదనం కోసం కలిపేదాని వల్ల. అందుకని ఒక్క లైటు చూసి ఏ తీర్పూ ఇవ్వొద్దు.

రెండు చోట్లా వేర్వేరు నంబర్లున్న నోట్లు కూడా అమ్ముతుంటారు. బిల్లు పుస్తకాలకు నంబర్లు వేసేటప్పుడు ఒక చక్రం తిరక్కుండా ఇరుక్కోవడం మేం ఎన్నిసార్లు చూశామో. అప్పుడు ఒకే అంకె తేడా వస్తుంది, ఆ తేడా పక్క పుస్తకాల్లోనూ సాగుతుంది. నోట్లలోనూ అంతే. అందుకే అలాంటిది దొరికితే దాని ముందు, వెనక నంబర్ల నోట్లు కూడా ఉన్నాయా అని అడగాలి, కట్టలో పక్కపక్కన ఉన్న రెండు మూడు నోట్లు ఒకే తప్పు చూపిస్తే అంతకు మించిన సాక్ష్యం లేదు. 2015 నుంచి వచ్చిన నోట్లలో అంకెలు ఎడమ నుంచి కుడికి పెరుగుతూ పోతాయి కదా, దీనివల్ల మనకు ఒక లాభం జరిగింది. ప్రతి స్థానానికీ ఒక సైజు ఉంది. మూడును ఎనిమిదిగా దిద్దినా, ఇంకోచోటి అంకె తెచ్చి అతికినా సైజూ, మందమూ పట్టిస్తాయి.

కాబట్టి ఆ వంద నోటును ఫోటో చూసి కొనొద్దు. ఫోటోలో నంబరు చెరపడానికి నోటును ముట్టుకోవాల్సిన పనే లేదు. 18 వేలకు మీరే కొనాల్సిన అవసరం ఆయనకు ఎందుకు వచ్చిందో కూడా ఆలోచించండి. నిజంగా లక్ష పలికే నోటయితే ఆయనే వేలంలో పెట్టుకుంటాడు. పేపర్ మనీ గ్యారంటీ లాంటి సంస్థలు నోటును పరీక్షించి, ప్లాస్టిక్ కవరులో సీలు వేసి, గ్రేడుతో పాటు తప్పు ఏ రకమో కూడా చీటీ మీద రాసి ఇస్తాయి. పెద్ద మొత్తం పెట్టి ఎర్రర్ నోటు కొనేవాళ్లు అలాంటి సర్టిఫికెట్ అడుగుతారు, దాని నంబరు ఆ సంస్థ దగ్గర సరిచూస్తారు. అదేదీ లేకుండా చీటీ డబ్బు పెట్టడం నాకు అస్సలు ఇష్టం లేదు.

మీ ఇరవై నోటు మీది నక్షత్రం తప్పు కాదు. అచ్చులో పాడైన నోటును తీసేసి, దాని స్థానంలో కట్టలో పెట్టే నోటుకు ఆ గుర్తు వేస్తారు. 2006లో పది, ఇరవై, యాభై నోట్లతో మొదలైంది, 2016లో ఐదొందల నోటుకూ వచ్చింది. అది దొంగనోటు గుర్తని పుకార్లు లేస్తే, చెల్లుతుందని రిజర్వ్ బ్యాంకు 2023 జులైలో మళ్లీ చెప్పాల్సి వచ్చింది. స్టార్ నోట్లు సేకరించేవాళ్లు ఉన్నారు, అది వేరే ఇష్టం. వాడేసిన నోటుకు పెద్దగా విలువ ఉండదు.

ఇలా తప్పులు కానివాటినే తప్పులుగా చూపించి అమ్మేది చాలా ఉంది. అంకెల సైజు పెరగడం తప్పు కాదు. వెనకాల అచ్చువేసిన సంవత్సరం లేకపోవడం తప్పు కాదు, 2005కు ముందు నోట్ల మీద అది ఉండేదే కాదు. రూపాయి నోటు మీద రిజర్వ్ బ్యాంకు గవర్నరు సంతకం లేకపోవడం తప్పు కాదు. ఆ నోటును ఇచ్చేది భారత ప్రభుత్వం, దాని మీద ఆర్థిక శాఖ కార్యదర్శి సంతకం ఉంటుంది. మన దువ్వూరి సుబ్బారావు గారి సంతకంతో ఉన్న నోట్లలో రూపాయి గుర్తు ఉన్నవీ ఉన్నాయి, లేనివీ ఉన్నాయి. ఆ గుర్తును 2010లో ఖరారు చేశారు, ఆయన 2008 నుంచి 2013 దాకా గవర్నరు, అంతే కారణం.

సంతకం లేకపోవడం అంటే నాకు ఎప్పుడూ నిజాం నోట్లు గుర్తొస్తాయి. హైదరాబాద్ సంస్థానానికి ఇంగ్లండులో అచ్చువేసి పంపిన నోట్లు ‘ఈజిప్ట్’ అనే ఓడతో పాటు 1922 మేలో ఫ్రాన్సు తీరం దగ్గర మునిగిపోయాయి. ఏళ్ల తర్వాత, ఆ ఓడలోని బంగారం కోసం దిగినవాళ్లు వాటిలో కొన్నిటిని పైకి తెచ్చారు. వాటి మీద సంతకాలు లేవు. అది ప్రెస్సు తప్పు కాదు, సంతకాలు పడే దాకా అవి చేరనే లేదు. తెలియనివాడికి అది సంతకం మరిచిపోయిన ఎర్రర్ నోటు, తెలిసినవాడికి అంతకంటే పెద్ద కథ.

రంగు లేని నోట్లు, కట్ తప్పిన నోట్లు కూడా మీ ఆయనకు ఎవరైనా చూపించొచ్చు. ఒక రంగు మొత్తం మాయమైన నోటును నేను దాదాపు ఎప్పుడూ నమ్మను. క్లోరిన్, ఆమ్లం, ఎండ, ఇవి రంగుల్ని మింగేస్తాయి. అసలు తప్పయితే ఆ రంగు ఒక్కటే పోయి మిగతావి తాజాగా ఉండాలి. రసాయనం వాడితే పక్కరంగులూ, దారం మెరుపూ కూడా కొంత వాడిపోతాయి. గాంధీగారి బొమ్మ లేని నోటయితే ఆ చోట వేలితో తడమండి. ఇంకు లేకపోయినా ప్లేటు అదిమిన ఉబ్బు ఉందంటే రెండు అర్థాలు. ప్లేటుకు ఇంకు అందక ఒట్టి ఒత్తిడే పడి ఉండొచ్చు, లేదా ఇంకును కడిగేసి ఉండొచ్చు. తేడా పట్టించేది గీతల లోతుల్లో మిగిలే ఇంకు రేణువులు, భూతద్దంలో కనిపిస్తాయి. కట్ తప్పిన నోటుకు స్కేలు చాలు. ఒకవైపు అంచు ఎక్కువై పక్కనోటు ముక్క కనిపిస్తూ, మొత్తం కొలత సరిగ్గానో ఎక్కువగానో ఉంటే నమ్మొచ్చు. కొలత తగ్గిందంటే కత్తెర పడినట్టే. మూల మడిచి ఉండగా కటింగ్‌కు వెళ్లి, విప్పితే రెక్కలా అదనపు కాగితం వచ్చే నోటును సేకర్తలు బటర్‌ఫ్లై అంటారు. చెయ్యడం కష్టం కాబట్టి నాకు అది చాలా ఇష్టమైన రకం.

ఒక్క విషయంలో మాత్రం ఎర్రర్ అనే మాటనే పక్కన పెట్టండి. వాటర్‌మార్కు లేదు, దారం అచ్చువేసినట్టుంది గానీ కాగితం లోపల లేదు, ఉబ్బెత్తు తగలడం లేదు, బొమ్మ గీతలుగా కాక చుక్కలు చుక్కలుగా ఉంది అంటే అది అచ్చుతప్పు కాదు, దొంగనోటు. వెలుతురుకు ఎదురుగా పెడితే ముందు సగం, వెనక సగం కలిసి 500 అంకె పూర్తయ్యే చోటు ఒకటి ఉంటుంది. రెండువైపులా ఒకేసారి పడే అచ్చు అది, కాబట్టి గాంధీగారి బొమ్మ పక్కకు జరిగిన అసలు నోటులో కూడా అక్కడ అంకె కుదురుతుంది. కుదరకపోతే జాగ్రత్త.

బ్యాంకు గురించి మీ భయం నాకు అర్థమైంది. అచ్చుతప్పు ఉన్నా అసలు నోటు అసలు నోటే. 2016 నవంబరులో కొత్త ఐదొందల నోట్లు హడావిడిగా వచ్చినప్పుడు గాంధీగారి ముఖం వెనక నీడ పడ్డవి కొన్ని బయటికొచ్చాయి. వాటిని వాడుకోవచ్చు, లేదా రిజర్వ్ బ్యాంకుకు తిరిగివ్వొచ్చు అని అప్పుడు వాళ్లే చెప్పారు. 2017 జనవరిలో మధ్యప్రదేశ్‌లోని షియోపూర్ జిల్లాలో రైతులకు బ్యాంకులోనే గాంధీగారి బొమ్మ లేని రెండు వేల నోట్లు వచ్చాయి. అవి దొంగనోట్లు కాదు, అచ్చు తప్పినవని తేలింది.

ఒకవేళ మీ నోటు దొంగనోటని బ్యాంకు తేల్చినా, దాని మీద ముద్ర వేసి ఉంచేసుకుని మీకు రసీదు ఇవ్వాలి, ఆ ఐదొందలు మాత్రం రావు. ఒకేసారి నాలుగు దాకా అయితే నెల నివేదికలో పోలీసులకు తెలియజేస్తారు, ఐదు గానీ అంతకు మించి గానీ ఉంటేనే ఎఫ్‌ఐఆర్. మంచి మనసుతో ఒక్క నోటు చూపించడానికి వెళ్లినవాళ్లకు భయం అక్కర్లేదు. నేరం అయ్యేది దొంగనోటని తెలిసీ దగ్గర పెట్టుకోవడం, తెలిసీ మార్చడం. భారతీయ న్యాయ సంహితలో 179, 180 సెక్షన్లు వాటికే. అందుకని అనుమానం ఉన్న నోటును గల్లాలో తిప్పకండి.

ధర మాటకొస్తే, మీ నోటు నేను చెప్పిన పరీక్షలన్నీ దాటినా 60 వేలు రాదనే నా నమ్మకం. సన్నటి మడత గీతలు ఎర్రర్ నోట్లలో ఎక్కువగా కనిపించే రకం. గీత ఎంత వెడల్పు, నోటు ఎంత కొత్తగా ఉంది అన్నదాన్ని బట్టి ఐదొందల పైన కొంత రావొచ్చు. పాప ఫీజు కట్టేంత కాదు. అయినా దాచుకోదగ్గదే. పీవీసీ కలవని ప్లాస్టిక్ కవరులో, మడవకుండా, పిన్ను కొట్టకుండా, బీరువాలో పొడిగా ఉన్నచోట పెట్టండి. దాని మీద ఏదీ రాయకండి.

గీత మీద ఏటవాలుగా వెలుతురు పడేలా ముందువైపు ఒకటి, వెనకవైపు ఒకటి, పక్కన స్కేలు పెట్టి ఇంకొకటి, మొత్తం మూడు ఫోటోలు తీసి పంపండి. గీత లోపల లేత గీతలు సాగుతున్నాయో లేదో భూతద్దంతో చూసి, కనిపించింది కనిపించినట్టు రాయండి. చీటీ డబ్బు మాత్రం ఈలోగా కాలేజీలో కట్టేయండి.